కిమ్‌కో నాటిన చెట్టు

ఆ ఊళ్ళో సాగో చెట్టుకి సొంతదారు ఒక్కడే, దాన్ని నాటినవాడు. వాడు బతికుంటే వాడి మాట మీద ఇంట్లోవాళ్ళు చెట్టు పడగొట్టి, లోపలి దవ్వ కొట్టుకుని, పిండి తీసుకోవచ్చు. చనిపోతే మాత్రం ఏడాది తిరిగి కర్మ విందు అయ్యేదాకా ఆ చెట్టు పోయినవాడిదే. తెలిసి దాని మీద చెయ్యి వేసినా, తెలిసి ఆ పిండి తిన్నా, తోడుకి రమ్మని వచ్చి తీసుకుపోతాడు. తెలియక తిన్నవాళ్ళ జోలికి రాడు. పోయినవాళ్ళకీ ఆమాత్రం న్యాయం ఉంటుంది.

మరి ఉన్నాడో పోయాడో తెలియనివాడి చెట్టు సంగతో? బిబియానాని ఆ ఒక్క ప్రశ్నే కాల్చుకు తింటోంది.

ఆమె మొగుడు కిమ్‌కో మేనమామ కర్మకని సరిహద్దు గీత దాటి అవతలికి వెళ్ళి ఏడు నెలలు. అవతలా వీళ్ళ చుట్టాలే, అదే అడవి, అదే మాట. మధ్యలో గీత ఎవడు గీశాడో, గీసేటప్పుడు ఎవర్నడిగాడో గానీ, సిపాయిల కంటికి తప్ప ఇంకెవరికీ అది కనపడదు. కిమ్‌కో వెళ్ళిన వారానికే సిపాయిలు దారి మూసేశారు. ఆ తర్వాత వానలూ కురవడం మానేశాయి. అరటి ఎండింది, ఏటిలో రాళ్ళు తేలాయి. ముగ్గురు పిల్లలు అడవి ఆకు ఉడకేసుకు తింటున్నారు. చిన్నవాడికి పాదాలు వాచాయి, నొక్కితే గుంట పడుతోంది.

బురదనేల చివర కిమ్‌కో పెళ్ళినాడు నాటిన చెట్టు మాత్రం పన్నెండేళ్ళ వయసుతో నిండుగా నిలబడి ఉంది. దాని మొవ్వు దగ్గర కొత్త ఆకులు పొట్టిగా వస్తున్నాయి. అంటే పూతకొస్తోంది. పూసిందా, ఇక లోపల పిండి ఉండదు, ఒట్టి బెండే.

బిబియానా వెళ్ళి ఊళ్ళో ప్రార్థన చెప్పించే కోస్మాస్‌ని అడిగింది. అతను కిమ్‌కోకి పెదనాన్న కొడుకు.

"బావగారూ, పది రోజుల్లో పూసేస్తుంది. కొట్టుకోమంటారా?"

"వాడు కొట్టుకోమన్నాడా వెళ్ళేటప్పుడు?"

"నేనొచ్చాక కొడదామన్నాడు."

"మరింకేం! రానీ."

"పిల్లలు పోయాక వస్తే ఏం లాభం బావగారూ?"

కోస్మాస్ మొహం తిప్పుకున్నాడు. "నోరు కడుక్కో తల్లీ. వాడు లేడేమో, ఎవరికి తెలుసు? లేనివాడి పిండి పిల్లల నోట్లో పెడతావా? నాకైతే ధైర్యం లేదు."

అత్త అంబోక్ గుమ్మంలో కూర్చుని అంతా విన్నది. పళ్ళు లేని నోట్లో వక్క అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చుంది. బిబియానాకి ఒళ్ళు మండింది. "కన్నకొడుకు గురించి నీకేం పట్టదా అత్తా?" అంది. ముసలిది లేచి, వల సంచి నెత్తికి తగిలించుకుని, ఆకు కోసుకొస్తానని వెళ్ళిపోయింది. ఈ మధ్య తెల్లారకుండానే పోవడం, పొద్దెక్కి చేతులు వణుక్కుంటూ రావడం. తెచ్చేది గుప్పెడు ఆకు.

తర్వాత ఐదో రోజు సాయంత్రం బురదనేల వైపు పెద్ద చెట్టేదో కూలిన చప్పుడైంది. మర్నాడు తెల్లవారుజామున మంచు ఇంకా విడవకముందే ఊరంతా విన్నది.

టక్. టక్. టక్.

దవ్వ కొట్టే గూటం చప్పుడు. కిమ్‌కో చెట్టు వైపు నుంచే. ఊళ్ళో ఆడవాళ్ళెవరూ అటు పోలేదు. కోస్మాస్ శిలువ గుర్తు వేసుకుని తలుపు చెక్క అడ్డం పెట్టుకున్నాడు. పొద్దెక్కేసరికి బిబియానా నిచ్చెన మెట్టు మీద ఆకులో చుట్టిన తడి పిండి మూట కనపడింది. దానికి ఎడమచేతి వాటం ముడి. ఆ ముడి వేసే మగాడు ఆ చుట్టుపక్కల కిమ్‌కో ఒక్కడే.

"వచ్చాడు! సిపాయిలకి భయపడి అడవిలో దాక్కున్నాడు పిచ్చి మొగుడు!" అని ఏడుస్తూ నవ్వుతూ పిండి జావ కాచింది. పిల్లలు వేళ్ళు నాకారు. తనూ తిన్నది. బురదనేల వైపు తిరిగి, "కిమ్‌కో! కిమ్‌కో!" అని గొంతెత్తి పిలిచింది. అప్పుడే ఆకుతో వస్తున్న అత్త పరుగున వచ్చి ఆమె నోరు మూసింది. "పేరు పెట్టి పిలవకే, నీకు పుణ్యముంటుంది! ఎవరైనా వింటారు," అంది. సిపాయిల గురించే అనుకుంది బిబియానా.

రెండో రోజూ మూట వచ్చింది. మూడో రోజు బిబియానా ఉండబట్టలేకపోయింది. ఏడు నెలలైంది మొగుడి మొహం చూసి. మంచులో మోకాళ్ళ లోతు బురద తొక్కుకుంటూ చప్పుడు పట్టుకుని వెళ్ళింది.

పడి ఉన్న చెట్టు దగ్గర గూటం పట్టుకున్నది అత్త. చెట్టు మొదలు గొడ్డలితో తెగినట్టు లేదు, ఎలక కొరికినట్టుంది. ముసలి చేతులు రోజుకింత చొప్పున నరికాయి మరి. పక్కనే కొమ్మకి కిమ్‌కో వల సంచి వేలాడుతోంది. అందులో అతని పొగాకు వెదురు గొట్టం.

బిబియానా కాళ్ళు బురదలోనే ఉండిపోయాయి.

"ఎప్పుడత్తా?"

"నెలైందే. చుట్టాలు దొంగదారిన వచ్చి ఈ సంచి ఇచ్చిపోయారు. జ్వరమట. అవతలే పాతిపెట్టారు."

"ఆ ముడి..."

"వాడికి నేర్పింది నేనేగా." అంబోక్ గూటం దించింది. "చెబితే ఏడాదిదాకా చెట్టు ముట్టనివ్వరు. చెప్పకపోతే పిల్లలు తెలియక తింటారు, వాళ్ళనేం చెయ్యడు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నన్నే తీసుకుపోతాడు. పోనీ, కన్నదాన్ని కాదూ? అక్కడ వాడికి మాత్రం ఎవరున్నారు?" అంటూనే భోరుమంది. "నువ్వెందుకొచ్చావే ఇక్కడికి! ఇప్పుడు నీకూ తెలిసిపోయిందిగా! ఇక ఈ పిండి నువ్వు ముట్టకూడదు!"

ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు, చప్పుడు ఊళ్ళోకి పోకుండా. ఏడవడానికి కూడా లేని చావు అది. ఒంటికి మట్టి పూసుకోకూడదు, పేరు చెప్పి శోకాలు పెట్టకూడదు. కన్నీళ్ళు ఎండేదాకా ఆగి, మొహాలు కడుక్కుని, మూటా గూటమూ పట్టుకుని ఇంటికొచ్చారు.

పెద్దపిల్ల రుఫీనా ఎదురొచ్చింది. "నాన్నని చూశావా అమ్మా?"

"చూశాను."

"ఏం చేస్తున్నాడు?"

"మీకోసం దవ్వ కొడుతున్నాడు."

జావ కాచి ముగ్గురికీ పోసింది. చిన్నవాడు ఆకు దొన్నె రెండు చేతులా పట్టుకుని గటగటా తాగాడు.

"నువ్వు తినవేం?" అంది రుఫీనా.

"నాన్నతో కలిసి తిన్నానే." కుండ అడుగున మిగిలింది కూడా చిన్నవాడి దొన్నెలోకే వంచింది. అత్త గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

అప్పుడు మొదలైంది. టక్. టక్. టక్. అత్త చేతి చప్పుడులా తడబడటం లేదు. బలమైన చేతి దెబ్బ, నిదానంగా, ఒకే వరసన పడుతోంది.

"నాన్న మళ్ళీ మొదలుపెట్టాడు!" అని పిల్లలు చప్పట్లు కొట్టారు.

బిబియానా అత్త వైపు చూసింది. అత్త ఇక్కడే ఉంది. గూటం ఆమె ఒళ్ళోనే ఉంది. బిబియానాకి భయమేసింది. అంత భయంలోనూ లేచి ఆ చప్పుడు వైపు పరిగెత్తాలనిపించింది. ఎన్నాళ్ళైంది ఆ చేతి చప్పుడు విని!

అంబోక్ గూటం ఊతంగా లేచింది. బిబియానా ఆమె కుచ్చుల నారపావడా కొస పట్టుకుంది.

"వెళ్ళకత్తా."

"వదలవే. ఒక్కడే కొట్టుకుంటున్నాడు." కోడలి వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. "నువ్వు వీళ్ళ దగ్గర ఉండు. వీళ్ళకి చెప్పకు."

ముసలిది మెట్లు దిగి మంచులోకి వెళ్ళింది. బిబియానా చిన్నవాడిని ఒళ్ళోకి లాక్కుని, వాచిన పాదాలు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి రుఫీనా చెవి ఒగ్గి వింది.

"అమ్మా, ఇప్పుడు ఇద్దరు కొడుతున్నారు," అంది.

"అవునమ్మా," అంది బిబియానా. "తాగు, చల్లారిపోతుంది."