దర్జీ తలకు కొలత

మా ఆయన దర్జీ. నలభై ఏళ్లుగా ఒక్కరి కొలత కూడా కాగితం మీద పెట్టలేదు. అన్నీ బుర్రలోనే. ఆ గర్వంతోనే సగం లావెక్కారు.

అలాంటి మనిషి ఈమధ్య మా పోస్ట్‌మాన్‌కు ఆరడుగుల లెక్చరర్‌గారి కొలతలతో ప్యాంటు కుట్టారు. అతను దాన్ని చంకల దాకా లాక్కుని నిలబడితే నవ్వాను గానీ, మర్నాడే ఈయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాను.

డాక్టరుగారు మతిమరుపు మొదలైందన్నారు. కోతా సూదీ లేకుండా, తల మీద అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట ఆనించి మెదడును తట్టి లేపే వైద్యం ఉందట. ఉన్న జ్ఞాపకశక్తి నిలబడవచ్చు, నిలబడకపోనూవచ్చు, మాట ఇవ్వలేనన్నారు.

"పనిచెయ్యకపోతే కత్తెర పక్కన పెట్టేస్తా" అన్నారు ఈయన.

నాకు భయం పట్టుకుంది. రోజంతా ఇంట్లో ఉండి నా వంటకు వంకలు పెడతారన్నది ఒక భయం. కిటికీ దగ్గర ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటారన్నది అసలు భయం.

మొదటిరోజు ఆస్పత్రిలో ఆ వైద్యపు మిషన్ నడిపే అమ్మాయి, తీగచుట్ట ఎక్కడ ఆనించాలో గుర్తు పెట్టడానికి టేపుతో తల కొలిచింది. ఈయన ఊరుకుంటారా!

"టేపు వదులుగా పట్టావమ్మాయ్. ఇలాగైతే చొక్కా కాదు, గోనెసంచి వస్తుంది."

ఆమె మళ్లీ కొలిచింది. నిజంగానే అర సెంటీమీటరు తేడా! ఇక చూడాలి ఈయన దర్జా. తల మీద టకటకా చప్పుడవుతుంటే పెళ్లికొడుకులా కూర్చున్నారు.

ఆ అమ్మాయి రోజూ కొలిచేది, రోజూ పుస్తకంలో రాసేది. నాలుగో వారం ఈయన ఉండబట్టలేక అడిగారు.

"అదే తల కదమ్మా, ఇంకా గుర్తుండిపోలేదా?"

"గుర్తుంది బాబాయ్‌గారూ. కానీ నేను పొరబడితే నష్టపోయేది మీరు కదా. అందుకే రాస్తాను."

ఈయన ఆ పుస్తకం అందుకుని, తన తల కొలతలున్న పేజీలన్నీ తిరగేశారు.

ఆరు వారాలయ్యాక పెట్టిన పరీక్షలో పదిహేను మాటలు వినిపించి తిరిగి చెప్పమంటే ఏడు చెప్పారు. మొదట్లో చెప్పినవి ఐదు. "జారిపోవడం ఆగినట్టుంది, చూద్దాం" అన్నారు డాక్టరుగారు. పదిహేనూ వస్తాయనుకున్న ఈయన మొహం మాడ్చుకున్నారు. కత్తెర సంగతి అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

మర్నాడు బ్యాంకు మేనేజరుగారు కోటు కుట్టించుకోవడానికి కొట్టుకు వచ్చారు. ఈయన ఆయన ఛాతీ కొలిచి, నా వైపు తిరిగారు.

"ముప్పై తొమ్మిది. రాసుకో."

సరిగ్గానే విన్నానా అనుకున్నాను. మా కొట్లో పెన్ను ఉంటేగా! మేనేజరుగారి జేబులోది లాక్కుని, చేతికందిన కాగితం మీద రాశాను. అంకెలు మసకమసకగా కనిపించాయి. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

"ఏడుపు తర్వాత" అన్నారు ఈయన. "ముందు భుజం పద్దెనిమిది, రాయి."