వదిన చెప్పని మూడో మాట

ఆదివారం మధ్యాహ్నాలు ఇస్త్రీ షాపు మీది ఇంట్లో వదిన పాచికలాట నడిపేది. ఆమె కథ చెబుతుంది. మిగతావాళ్లు అందులో దొంగో దొరో అయిపోయి ఏం చేస్తామో చెబుతారు. అది జరిగేదీ లేనిదీ పాచిక తేలుస్తుంది. వదిన వాన వర్ణిస్తే బల్ల తడిసేది. అందుకే దర్జీ గొడుగు తెచ్చుకునేవాడు, మామగారు చెప్పులు ఎత్తున పెట్టుకునేవారు.

దేన్నైనా వాసనతో, చప్పుడుతో చెప్పి ఆపేయడం ఆమె పద్ధతి. ముట్టుకుంటే ఎలా ఉంటుందో కూడా చెప్పిందా, ఆట ముగిసినా అది పోదు. ఒకసారి నోరుజారి నాచు మెత్తదనం చెప్పింది. ఆ గోడని ఇప్పటికీ నెలకోసారి గీకుతున్నారు.

ఎప్పుడూ ఆడని మరిది ఆ రోజు వచ్చి కూర్చున్నాడు. ఎంత గుండె ధైర్యమో చూడండి. రెండేళ్ల కిందట వేడి ఇస్త్రీపెట్టెని బట్టల మీద వదిలేసి ఫోన్లో కబుర్లకి పోయింది వాడే. కట్టంతా కాలిపోతే "వదినే వదిలేసింది" అనేశాడు. మామగారు నమ్మి, తొమ్మిదేళ్లు పనిచేసిన కోడల్ని షాపులో అడుగుపెట్టొద్దన్నారు. ఆ సాయంత్రమే షాపు తాళాలు చిన్నకొడుకైన ఈ మరిదికి ఇచ్చేస్తున్నారు. ఇస్తే ఇక ఆమె ఆశ వదులుకోవాల్సిందే.

ఆటలో మరిది రాజుగారి బట్టలకి కాపలాదారు.

"బట్టలన్నీ తగలబడ్డాయి. ఎవరి పని అని రాజు అడుగుతున్నాడు," అంది వదిన.

"దాసి పని," అని మరిది పాచిక విసిరాడు. ఒకటి పడింది.

"రాజు నమ్మలేదు. నీ కుడిచేతిలోంచి కాలిన ఉన్ని వాసన వస్తోంది. తడిబట్ట మీద పెట్టె ఆనించినట్టు సుయ్‌మంటోంది." అక్కడ ఆగింది. గదంతా కమురుకంపు.

మరిది పళ్లికిలించాడు. "అంతేనా వదినా? ఏదో గొప్పగా చెబుతావన్నారు. ఇంకాస్త చెప్పు."

రెండేళ్లుగా కడుపు రగిలిపోతున్న మనిషిని అలా అడగొచ్చా? దర్జీ "వద్దు బాబూ" అనేలోపే వదిన చెప్పేసింది.

"ముట్టుకుంటే చుర్రుమంటుంది. ఏ బట్ట పట్టుకున్నా పెట్టె ఆకారంలో మచ్చ పడుతుంది."

మరిది కంగారుగా చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. పొట్ట మీద గోధుమరంగు మచ్చ లేచింది. తువ్వాలు అందుకున్నాడు, దానికీ పడింది.

"తీసెయ్ వదినా. ఆ రోజు పెట్టె వదిలేసింది నేనే, ఒప్పుకుంటున్నాగా."

మామగారు జేబులోంచి తాళాలు తీసి కోడలి ముందు పెట్టారు. "తప్పు నాదమ్మా," అన్నారు.

"తీయడం నాకు చేతకాదు," అంది వదిన మరిదితో. "చేతనైనా తీయను."

"బట్ట ముట్టుకోకుండా నేనెలా బతకాలి?"

"అలవాటైపోతుందిలే," అంది వదిన. "రెండేళ్లు నేను బతకలేదూ?"