వాడి సంగతి చూసుకో

ఉతికి ఆరిన బట్టలు మంచం మీద కుప్పగా ఉన్నాయి. ఆమె ఒక్కొక్కటే మడత పెడుతోంది. భర్త చొక్కాలు ఒక దొంతర, కొడుకువి ఒక దొంతర, తనవి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. భర్త చొక్కా కాలరు కాస్త పక్కకి ఒరిగితే విప్పి మళ్ళీ మడిచింది. ఒకరు అనకముందే సరిచేసుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

ఆయన గుమ్మం పక్కన కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. పగలంతా గేటు దగ్గర నిలబడే కాపలా ఉద్యోగం. సాయంత్రానికి పాదాలు పొంగిపోతాయి. ఇరుకు గది కాబట్టి ఆ కాళ్ళు ఎదుటి గోడను తాకుతాయి. బయటికి పోవాలంటే ఆయన ముడుచుకోవాలి. దాటితే ఊరుకోడు, తియ్యమనడానికి ఎవరికీ నోరు రాదు. అందుకే పాలకైనా నీళ్ళకైనా ఆయన లేచేదాకా ఆగడం ఆ ఇంటి పద్ధతి.

కొడుకు మూల కూర్చుని గోరు కొరుక్కుంటున్నాడు. పదో తరగతి. రోజుకొకడితో తగువు పెట్టుకుంటాడని బడిలో వాడికి కొమ్ములోడని పేరు.

బయట చెప్పుల చప్పుడైంది. బడిలో ఆటలు నేర్పే మాస్టారు.

"రండి మాస్టారూ, కూర్చోండి," అన్నాడు ఆయన. కాళ్ళు మాత్రం తియ్యలేదు. మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"బుడంకాయగాడి మణికట్టు విరిగిందండీ. ఇప్పుడే కట్టు కట్టించి వస్తున్నా."

ఆమె చేతులు ఆగిపోయాయి. బుడంకాయ ఐదో తరగతి పిల్లాడు. బంతి మీదికొస్తే కళ్ళు మూసుకునే రకం. కొమ్ములోణ్ణి బడి నుంచి పంపేద్దామని అందరూ అన్నప్పుడు మాస్టారే అడ్డుపడి, ఆ చిన్నవాణ్ణి తెచ్చి వీడి పక్కన నిలబెట్టాడు. "ఇక నుంచి వీడి సంగతి నువ్వే చూసుకో," అన్నాడు. కొడుకు ఇంటికొచ్చి ఆ మాటే తిప్పి తిప్పి చెప్పాడు. వాడి మొహంలో అంత వెలుగు చూసి ఆమె కూడా మురిసిపోయింది.

"వాడెలా ఉన్నాడ్రా అని అడిగినప్పుడల్లా 'చూసుకుంటున్నా సార్' అనేవాడమ్మా," అన్నాడు మాస్టారు ఆమె వైపు తిరిగి. "నేనూ నమ్మాను. వాడు బంతి వదిలేసిన ప్రతిసారీ వీడు చెయ్యి మెలిపెట్టేవాడట. ఇవాళ శ్రుతి మించింది."

"మీరే కదా సార్ చూసుకోమన్నారు!" అన్నాడు కొడుకు.

ఆ గొంతులో పొగరు లేదు. చెప్పిన పని చేసి తిట్లు తింటున్నవాడి గొంతది.

"చూసుకోమంటే కొట్టమనా? అదెక్కడి అర్థంరా?" మాస్టారు నుదురు రుద్దుకున్నాడు. "పెద్దసారు రేపు తేల్చేస్తానంటున్నారు. కావాలని చేశాడంటే వీణ్ణి బడిలో ఉంచరు. నేనేం చెప్పను? నీకిది ఎవరు నేర్పార్రా?"

వాడు మళ్ళీ గోరు కొరకడం మొదలుపెట్టాడు.

ఆమెకు తెలుసు. "ఉండు, నీ సంగతి చూసుకుంటా" అని ఈ ఇంట్లో వినపడితే వెనకే బెల్టు ఊడదీసే చప్పుడు వస్తుంది. వాడికి బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ మాటకి ఇంకో అర్థం ఉందని ఎవరూ చూపించలేదు. ఇప్పుడది చెబితే కొడుకు బడిలో ఉంటాడు. చెబితే, మాస్టారు వెళ్ళాక ఈ తలుపు మూసుకుంటుంది. ఆమె చేతిలో ఉన్న కొడుకు చొక్కాని మడిచిందే మళ్ళీ మడిచింది.

ఆయన నవ్వాడు. "వీడికి ఒకరు నేర్పాలా మాస్టారూ! కొమ్ములతోనే పుట్టాడు. వాళ్ళమ్మ గారాబం వాటికి నూనె రాసింది. మీరు నిశ్చింతగా వెళ్ళండి. వీడి సంగతి నేను చూసుకుంటా."

కొడుకు మోచెయ్యి దానంతటదే లేచి మొహానికి అడ్డం వచ్చింది.

ఎవరూ వాణ్ణి తాకలేదు. ఆయన కుర్చీలోంచి కదలనైనా లేదు.

మాస్టారు ఆ మోచేతి వైపు చూస్తూ ఉండిపోయాడు. "నాతో రారా," అన్నాడు మెల్లగా. "బుడంకాయ ఇంటికి పోదాం. ఈ పూట వాడికి నువ్వు అన్నం తినిపించు. చూసుకోవడమంటే ఏంటో అక్కడ చెప్తాను. పెద్దసారుతో నేను మాట్లాడుకుంటా."

"చీకటి పడుతుంటే ఇప్పుడెక్కడికి?" ఆయన గొంతులో నవ్వు పోయింది. పాదాలు ఎదుటి గోడకి తన్నిపెట్టాడు.

కొడుకు ఆ కాళ్ళ దాకా వచ్చి ఆగిపోయాడు.

ఆమె మంచం దగ్గర నుంచి లేచింది. చేతిలోని చొక్కా వాడికిచ్చింది.

"కాళ్ళు తియ్యండి," అంది.

ఆయన ముందు ఆమెను చూశాడు. తర్వాత గుమ్మంలో ఉన్న పరాయి మనిషిని చూశాడు. తన వైపు వచ్చిన చూపు ఎక్కడికీ పోదనీ, మాస్టారు మలుపు తిరిగాక మళ్ళీ తన మీదికే వస్తుందనీ ఆమెకు తెలుసు. ఆయన ఒక్క మనిషి పట్టేంత మేరకే కాళ్ళు ముడిచాడు.

కొడుకు చొక్కాని గుండెలకి అదుముకుని, ఆ సందులోంచి పక్కకి ఒదిగి గడప దాటాడు.