షెడ్డుకి అవతల తోట

శివరాత్రి వెళ్ళిన మొదటి ఆదివారం కోరాపుట్‌లోని తెలుగు వర్తకులు పెళ్ళాం పిల్లలతో మాచ్‌ఖండ్ పిక్నిక్కుకి వెళ్ళడం ఏళ్ళ తరబడి వస్తున్న ఆనవాయితీ. రెండు మినీ బస్సుల్లో మనుషులు, ఒక వ్యానులో గుండిగలూ కట్టెలూ కూరగాయలూ. లమ్తపుట్ దాటేదాకా రోడ్డుకి అటూ ఇటూ బూరుగు చెట్లు ఒక్క ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉండేవి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కాలనీ చివర, లోయ అంచున, ఒక పెద్ద పూలతోట ఉండేది. చల్లటి చోటు కావడంతో కింద మైదానాల్లో ఎప్పుడో వాడిపోయే డాలియాలు అక్కడ మార్చిలో కూడా పళ్ళేలంతేసి పూసేవి. ఆ తోట చూడటానికే పిక్నిక్కు. అందరూ అలాగే చెప్పుకునేవారు.

సూర్యావతి ఆ తోటకి పదకొండుసార్లు వెళ్ళింది. తోటని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

తోట గేటు పక్కనే రేకుల షెడ్డు ఒకటి ఉంది. బస్సు దిగగానే ఆడవాళ్ళు ఆ షెడ్డులోకి వెళ్ళి, మూడేసి రాళ్ళు పేర్చి పొయ్యిలు వెలిగించేవారు. ముందు అందరికీ ఉప్మా, టీ. ఆ గిన్నెలు కడిగేలోపు బజ్జీలు. బజ్జీల మూకుడు దించకుండానే పులిహోర, గుత్తివంకాయ, పప్పుచారు, బూరెలు. మగవాళ్ళు సిల్వర్ ఓక్ చెట్ల కింద జంపఖానాలు పరుచుకుని పేకాటలో కూర్చునేవారు. మధ్యమధ్యలో ఒకరు లేచి వచ్చి ఇంకో వాయి బజ్జీలు వెయ్యమని చెప్పి వెళ్ళేవారు. భోజనాలయ్యేసరికి మూడు దాటేది. తర్వాత అంట్లు. అంట్లు తోమి వ్యాను ఎక్కించేసరికి డ్రైవరు హారన్ కొట్టేవాడు.

తోటలో ఏమేం పూలున్నాయో సూర్యావతికి ఫోటోల్లోంచే తెలుసు. భర్త సోమేశ్వరరావుకి కెమెరా ఉంది. కిరాణా హోల్‌సేలు దుకాణంలో గల్లాపెట్టె వెనక గోడకి ప్రతి ఏడాదీ ఒక ఫోటో ఫ్రేము కట్టించి పెట్టేవాడు. డాలియాల మధ్య ఆయన, గులాబీల పక్కన ఆయన తమ్ముళ్ళు, కాగితంపూల పందిరి కింద పిల్లలందరూ. దుకాణానికి వచ్చినవాళ్ళు అవి చూసి భలే తోటండీ అనేవారు. పదకొండు ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ సూర్యావతి లేదు. ఆ సంగతి ఆమెకి తట్టింది కూడా ఆ పన్నెండో ఏడే, 1998లో, పండక్కి ఆ ఫ్రేముల దుమ్ము తుడుస్తున్నప్పుడు.

అప్పుడే భర్తని అడిగింది, ఈసారికి వంటవాళ్ళని ఎవరినైనా పెట్టకూడదా అని. సోమేశ్వరరావు నవ్వేశాడు. బయటివాళ్ళు వండితే మనవాళ్ళు తినరన్నాడు. "సగం మంది నీ సేతి పులిహోర కోసమే కదేటి వస్తన్నారు" అన్నాడు. ఆ మాటకి ఆమె మొహం విప్పారింది. పూటంతా ఆ పొగడ్తే మనసులో మెదిలింది. ఆ తర్వాత మాత్రం, అలా మెత్తబడిపోయినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ ఆదివారం షెడ్డులో ఎనిమిది మంది ఆడవాళ్ళున్నారు. అందరికీ పెద్ద కమలాంబ, వర్తక సంఘం ప్రెసిడెంటుగారి భార్య. అరవై దాటినా కత్తిపీట ముందు కూర్చుందంటే బుట్టెడు వంకాయలు అవలీలగా తరిగేసేది. సూర్యావతి ఆమెని పిన్నీ అని పిలిచేది. అందరికంటే చిన్నది గౌరీశ్వరి, పెళ్ళయి నాలుగు నెలలు. వస్తూనే పట్టుచీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి పిండి కలపడానికి కూర్చుంది. గాలి షెడ్డులోకే కొడుతోంది. కట్టెలు పచ్చివి. పొగకి అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి.

పదకొండింటికి మార్తమ్మ వచ్చింది. మార్తమ్మ నర్సు. కోరాపుట్‌లో పనిచేసేటప్పుడు రెండేళ్ళు సూర్యావతి వాళ్ళ పెరటి వాటాలో అద్దెకుంది. బిందుశ్రీ పుట్టినప్పుడు మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆమే. తర్వాత మాచ్‌ఖండ్ కాలనీ డిస్పెన్సరీకి బదిలీ అయింది. ఆమె భర్త తోమాసు ఆ తోటలోనే మాలి. ఏటేటా పిక్నిక్కు రోజున మార్తమ్మ షెడ్డు దగ్గరికి వచ్చి, తోట చూపిస్తాను రమ్మని పిలిచేది. ఆ రోజూ పిలిచింది. వాలులో కొత్తగా గులాబీలు వేశారనీ, ఈసారి నల్లగులాబీ కూడా పూసిందనీ చెప్పింది.

"ఈ వాయి దించేసి వచ్చేస్తాను" అంది సూర్యావతి.

మార్తమ్మ నవ్వలేదు. "ఆ మాట పదేళ్ళ నుంచి సెప్తన్నావు సూర్యమ్మా" అని, షెడ్డు మెట్టు మీద కూర్చుంది.

సూర్యావతికి సిగ్గేసింది. మూకుడులో బజ్జీలు తిప్పుతూ తలెత్తి చూసింది. షెడ్డు గోడకీ రేకుకీ మధ్య ఉన్న సందులోంచి తోట ఒక చారలా కనబడుతోంది. ఎరుపు, పసుపు, మళ్ళీ ఎరుపు. ఆ చారలో ఒకసారి బిందుశ్రీ కనబడింది. పదమూడేళ్ళ పిల్ల. ఒక డాలియా ముందు గొంతుక్కూర్చుని, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని బొమ్మ గీస్తోంది. అవతల మగపిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

కమలాంబ కూడా అటే చూసింది. "మీ అమ్మి పెద్దదయ్యింది కదేటి సూర్యా. పిలువు, ఉల్లిపాయలు తరుగుతాది. మనకి కాస్త సెయ్యిసాయం" అంది. ఆమె చెడ్డగా అనలేదు. పక్కింటి నుంచి జల్లెడ తెమ్మన్నట్టుగా అంది.

సూర్యావతి లేచి షెడ్డు అంచుదాకా వెళ్ళి, "అమ్మీ, బిందూ, ఇలా రా" అని కేకేసింది. ఆలోచించి వేసిన కేక కాదు. నోరు దానంతటదే పలికింది.

బిందుశ్రీ వచ్చింది. ఎందుకని అడగలేదు. నోటుబుక్కు మూసి గూట్లో పెట్టింది. చెప్పులు విప్పింది. పావడా రెండు చేతులతో వెనక్కి దోపి, కత్తిపీట మీద ఒక మోకాలు ఎత్తి కూర్చుని, ఉల్లిపాయల బుట్ట దగ్గరికి లాక్కుంది. ఎవరూ నేర్పలేదు. తల్లి ఎలా కూర్చుంటుందో అచ్చం అలాగే కూర్చుంది. మొదటి ఉల్లిపాయ తరుగుతూ ఒకసారి తల తిప్పి తోటవైపు చూసింది. ఆ వెంటనే తల దించేసింది.

సూర్యావతికి లోపల్నుంచి ఏదో పొంగుకొచ్చింది. ఏడుపనుకుంది. కాదు. కోపం. కమలాంబ మీద కాదు, అప్పటికి భర్త మీద కూడా కాదు. తన నోటి మీద. ఎవరో పిలవమంటే తన గొంతుతో తన పిల్లని పూలలోంచి లేపి పొగలోకి తెచ్చుకుంది. మరో పదేళ్ళకి ఈ పిల్ల ఏదో ఊళ్ళో ఏదో షెడ్డులో ఇలాగే కూర్చుంటుంది. అక్కడెవరైనా తోట చూద్దువుగాని రమ్మంటే, ఈ వాయి దించేసి వస్తానంటుంది.

చిల్లుల గరిటె మూకుడు మీద అడ్డంగా పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. బిందుశ్రీ చేతిలోంచి ఉల్లిపాయ తీసి బుట్టలో పడేసి, "లే" అంది.

"ఏటే, ఎక్కడికి?" అంది కమలాంబ.

"తోటకి."

"అయ్యో, నూనె కాగిపోతంది."

"దించుకోండి పిన్నీ" అని, కూతురి చెయ్యి పట్టుకుని షెడ్డు దిగిపోయింది. మార్తమ్మ గబగబా లేచి వెనకే నడిచింది.

అన్నేళ్ళు చూడాలనుకున్న తోట. గేటు దాటి లోపలికి అడుగు పెట్టాక పది నిమిషాలు ఆమె కళ్ళకి ఏదీ ఆనలేదు. మార్తమ్మ ఇది ఫ్లాక్సు, ఇది పిటూనియా అని చూపిస్తోంది. సూర్యావతి తల ఊపుతోంది గాని, చెవుల్లో రక్తం హోరెత్తుతోంది. డాలియాల మళ్ళ దగ్గర తోమాసు పార పక్కన పెట్టి, నమస్కారం పెట్టి, ఒక పువ్వుని వేళ్ళతో కింద నుంచి పట్టి ఎత్తి చూపించాడు. ముదురు ఎరుపు. రెక్కల చివర్లు తెలుపు. లోపలి రెక్కలు ఇంకా విచ్చుకోలేదు, ఒకదాని మీద ఒకటి దగ్గరగా మడతపెట్టి ఉన్నాయి. ఫోటోలో ఇదంతా ఒక ఎర్రటి మచ్చలా ఉంటుంది. సూర్యావతి వంగి చూసింది. చూస్తున్నకొద్దీ ఇంకా కోపం వచ్చింది. పదకొండేళ్ళుగా ఇది ఇక్కడే, నలభై అడుగుల దూరంలో పూస్తూనే ఉంది.

ఇంతలో సోమేశ్వరరావు వచ్చాడు. చేతిలో పేకముక్కలు అలాగే ఉన్నాయి. అవతల జంపఖానాల మీద అందరూ ఇటే చూస్తున్నారని ఆయనకి తెలుసు. అందుకే గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఏటి సేస్తన్నావిక్కడ? అక్కడ వంట ఆగిపోనాది."

"తోట సూస్తన్నాను."

"తినీసి సూడొచ్చు కదా. తోట ఎక్కడికి పోతాది?"

"పదకొండేళ్ళూ తినీసే సూద్దామనుకున్నాను. తినీసేక అంట్లు. అంట్లయ్యేక బస్సు. ఈ తోటలో ఏ పువ్వుందో నాకు తెల్దు. మీ కొట్లో గోడ మీద సూసి తెలుసుకోవాలి."

ఆయన పళ్ళు బిగించాడు. నలుగురిలో పరువు తీస్తున్నావన్నాడు. ప్రెసిడెంటుగారు ఏమనుకుంటారన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, "అమ్మీ, నువ్వెల్లు. కమలాంబ మామ్మకి సాయం సెయ్యి" అన్నాడు.

బిందుశ్రీ కదలబోయింది. సూర్యావతి ఆ పిల్ల భుజం గట్టిగా పట్టుకుంది. గొంతు పెంచలేదు. కానీ ఆ మాటలు జంపఖానాల దాకా వినిపించాయి.

"అది రాదు. ఇందాక దాన్ని పిలిసినది నేనే. నా నోటితోనే పిలిసేను. తప్పు సేసేను. ఇంకెప్పుడూ సెయ్యను. మీకు ఆకలేస్తే పొయ్యి అక్కడున్నాది."

సోమేశ్వరరావు చేతిలో ముక్కలు ఒకసారి చూసుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ రోజు భోజనాలు నాలుగున్నరకి అయ్యాయి. పులిహోరలో ఉప్పు తక్కువైంది. వంకాయ మాడింది. గౌరీశ్వరి ఒక్కతీ ధైర్యం చేసి తోట గేటుదాకా వచ్చింది. రెండు నిమిషాలు నిలబడి, అత్తగారు పిలవగానే పరుగెత్తింది. కమలాంబ రాలేదు. బస్సెక్కేముందు మాత్రం సూర్యావతిని పక్కకి పిలిచి కడిగేసింది. "మేమంతా ఏటి, పనీపాటా లేక ఆ పొగలో కూకున్నామేటి? నలభై ఏళ్ళు సేసేను నేను. ఏనాడూ..." అని, మాట మధ్యలో ఆపేసి, బస్సెక్కి కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

తొమ్మిది రోజులు సోమేశ్వరరావు భార్యతో మాట్లాడలేదు. ఆమె వండింది, వడ్డించింది, క్షమించమని అడగలేదు. ఊళ్ళో పరామర్శకి వచ్చినట్టు వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, అంత కోపం దేనికమ్మా, పువ్వులకోసమా అని నవ్వారు. పదో రోజున ఆయనే కూతురి పరీక్షల సంగతి ఎత్తి మాట కలిపాడు. పిక్నిక్కు ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

మరుసటి ఏడాది సంఘం సాలూరు నుంచి ఇద్దరు వంటవాళ్ళని పిలిపించింది. సూర్యావతి వెళ్ళనంది. బిందుశ్రీ బతిమాలితే బయల్దేరింది. ఆ రోజు ఆడవాళ్ళు బస్సు దిగి, షెడ్డు ముందు కాసేపు ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. తర్వాత ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ తోటలోకి నడిచారు.

భోజనాలయ్యాక ప్రెసిడెంటుగారు లేచి, ఆడవాళ్ళకి విశ్రాంతి ఇవ్వాలన్న మంచి ఆలోచన చేసిన సోమేశ్వరరావుగారికి ధన్యవాదాలు అన్నారు. మీటింగులో మొదట ఆ మాటన్నది ఆయనేనట. అందరూ చప్పట్లు కొట్టారు. సోమేశ్వరరావు లేచి నవ్వుతూ చేతులు జోడించాడు. భార్య వైపు చూడలేదు.

సూర్యావతికి తల నుంచి కాళ్ళదాకా భగ్గుమంది. అక్కడే లేచి అడిగేద్దామనుకుంది. ఇంతలో పక్కనున్న కమలాంబ ఆమె మోచెయ్యి పట్టుకుని, మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ లేచింది. "వాళ్ళని సప్పట్లు కొట్టుకోనీ. నాకా గులాబీలు సూపించు" అంది.

ఇద్దరూ వాలులోకి దిగారు. కమలాంబ ప్రతి మొక్క దగ్గరా ఆగి పేరడిగింది. కిందటేడు మార్తమ్మ దగ్గర విన్న పేర్లు సూర్యావతి ముక్తసరిగా చెప్పింది. కోపం దిగలేదు. దిగాలని ఆమెకీ లేదు. లోయ అంచున సిమెంటు బల్ల మీద కమలాంబ కూలబడి, చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది. కింద కొండల మీద అక్కడక్కడా మోదుగలు నిప్పు అంటుకున్నట్టున్నాయి.

మూడుసార్లు హారన్ మోగింది. ఆఖరికి డ్రైవరే పరుగున వచ్చి, అందరూ ఎక్కేశారనీ, సోమేశ్వరరావుగారు తొందరపెడుతున్నారనీ చెప్పాడు.

"ఆగమను" అంది సూర్యావతి.