వంకర ముద్ర

నాన్న పోయాక ఆయన మందుల షాపు సర్దుతుంటే సొరుగు అడుగున ఒక రబ్బరు స్టాంపు దొరికింది. దాని మీద "ఉచిత శాంపిల్, అమ్మరాదు" అని ఉంది. నాకు ఒళ్లు మండింది. ఆ ముద్ర కంపెనీలు వేసేది, నాన్నకెందుకు? దొంగ ముద్రతో ఎవర్ని మోసం చేశాడు?

అప్పుడే టైలరత్త వచ్చింది. నా చిన్నప్పుడు ఆవిడకి క్యాన్సర్. ఆ మందులు కొనాలంటే కుట్టుమిషను అమ్ముకోవాల్సిందే. ఊరికే ఇస్తే పుచ్చుకునే మనిషి కాదు. చీటీ తెచ్చినప్పుడల్లా నాన్న లోపలికెళ్లి, కాసేపటికి పెట్టెతో వచ్చి, "కంపెనీవాళ్లు శాంపిళ్లు పంపారు చెల్లెమ్మా, తీసుకెళ్లు," అనేవాడు.

అత్త స్టాంపు చూసి నవ్వింది. "మీ నాన్నకి అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదే. ఎప్పుడూ వంకరగానే కొట్టేవారు. ఒక్కోసారి సిరా కూడా ఆరేది కాదు."

"తెలిసీ ఊరుకున్నావా అత్తా?"

"ఆయన మాత్రం ఊరుకోలేదూ? ఏటా ఒక చొక్కా కుట్టి, గుడ్డ మిగిలిందన్నయ్యా అని ఇచ్చేదాన్ని."

ఆ నీలం గళ్ల చొక్కాల్లోనే నాకు నాన్న గుర్తు.

"ఇన్నేళ్లు కుట్టాను," అంది అత్త. "చొక్కాకి సరిపడా గుడ్డ ఏనాడూ మిగల్లేదు."