గొంతు లేని మానిటరు

పొద్దున్నే వంట ముగించి, మొగుణ్ణి పనికి పంపి, మామగారికి టిఫిను పెట్టి, పదింటికల్లా కోడలు కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. ఎదురుగా బల్లమీద కంప్యూటరు మానిటరు. ఇంట్లో టీవీ కాలిపోతే, కంప్యూటర్లు బాగుచేసే మొగుడు షాపులోంచి ఈ పాతదాన్ని మోసుకొచ్చి, ఒక చిన్న డబ్బా తగిలించి ఛానళ్ళన్నీ రప్పించాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. మాట మాత్రం రాలేదు. ఈ మానిటరుకు స్పీకర్లు లేవన్న సంగతి, రోజూ మానిటర్లతోనే బతికే మనిషి ఇంటికొచ్చేసరికి మరిచిపోయాడు. రేపు తెస్తానన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

అందుకని కోడలే మాటలు చెప్పడం మొదలుపెట్టింది. మిషను తొక్కుతూనే సీరియల్లో అత్తకు ఒక గొంతు, అల్లుడికి ఇంకో గొంతు. మూడో రోజుకి తెరలోవాళ్ళు ఆమెకు అలవాటుపడ్డారు. ఆమె ఏమంటే అదే వాళ్ళ పెదవుల మీదికి వచ్చేది. ఆమె సూదిలో దారం ఎక్కిస్తుంటే నోరు తెరిచి ఓపిగ్గా నిలబడేవారు. వార్తలు చదివే ఆవిడైతే కాగితాలు సర్దుకుంటూ కూర్చునేది. ఇంట్లో ఎవరూ దీన్ని వింత అనుకోలేదు. పాత సరుకు, కాస్త నెమ్మది, అన్నాడు మొగుడు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే పక్కింటావిడ విలనుకు బదులు తనే నాలుగు తిట్లు తిట్టి తృప్తిగా వెళ్ళేది.

మాట రానిది మానిటరుకే అయితే బాధే ఉండేది కాదు. మామగారు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేశారు. ఆయన ఒక్క కేక వేస్తే మైదానం ఆ చివరి పిల్లలు కూడా కాళ్ళు కలిపేవారు. పక్షవాతం వచ్చి ఐదు నెలలైంది. కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి, మాట రాలేదు. గొంతు బాగానే ఉంది, ఆయనే ప్రయత్నించాలి, ఆర్నెల్లు దాటితే కష్టం, అన్నాడు డాక్టరు. ఆయన ప్రయత్నించేదెప్పుడు? వేలు కదిపితే మంచినీళ్ళు, కనుబొమ్మ ఎత్తితే కాఫీ. కోడలు అన్నీ ముందే అందించేసేది. చాకిరీకి ఆమె ఏనాడూ విసుక్కోలేదు. ఆయన వేళాకోళం లేక ఇల్లు బోసిపోయిందనే ఆమె దిగులంతా.

ఆరో నెల మొదట్లో ఒక మంగళవారం ఆమె గొంతు పోయింది. అన్ని ఛానళ్ళకూ ఒక్కతే మాట్లాడితే పోదూ మరి.

సీరియల్లో ఆ రోజు ఘట్టం గట్టిది. తండ్రితో గొడవపడ్డ కూతురు పెట్టె పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. తండ్రి వెనకనుంచి పిలవాలి. నోరు తెరిచి ఆగాడు. కోడలు తన గొంతు చూపించి చెయ్యి తిప్పింది. అతను అర్థమైనట్టు తల ఊపి, పడక్కుర్చీలో ఉన్న మామగారి వైపు తిరిగాడు.

పావుగంట గడిచింది. కూతురు పెట్టెను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. ప్రకటనలు కూడా రాలేదు. మామగారు కోడలి వంక చూశారు. ఆమె మిషను ఆపి, తల అడ్డంగా ఊపింది. ఆయన వేలు కదిపారు. తెరలో ఎవరూ కదల్లేదు. కనుబొమ్మ ఎత్తారు. కూతురు గుమ్మం బయట కాలు పెట్టింది. మామగారు కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగారు. మెడ నరాలు ఉబ్బాయి.

"ఆ... ఆగమ్మా."

తెరలో తండ్రి పెదవులు కదిలాయి. కూతురు ఆగింది కానీ వెనక్కి తిరగలేదు. ఒక్క మాటకే కరిగే రకం కాదు.

"తప్పు... నాదే," అన్నారు మామగారు. "లోపలికి... రా."

కూతురు పెట్టె కింద పెట్టింది. కోడలు ఒళ్ళో ఉన్న బట్టతో కళ్ళు తుడుచుకుంది, అదెవరిదో కూడా చూసుకోకుండా.

అంతలో ఫోను మోగింది. మొగుడు. నాన్న తిన్నాడా అని రోజూ ఈ వేళకి అడుగుతాడు. ఆమె ఎత్తి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకేం చేస్తుంది, తీసుకెళ్ళి మామగారి చెవి దగ్గర పెట్టింది.

"అమ్మాయికి గొంతు... పోయిందిరా," అన్నారాయన. "ఏం కావాలో... నాతో చెప్పు."

అవతల హలో హలో అంటున్నవాడు ఠక్కున ఆగిపోయాడు.

"ఏరా," అన్నారు మామగారు, "నీకూ పోయిందా?"