పళ్ళసెట్టు కథ

హోటల్ దుప్పట్లు ఉతికే చోట పెద్దమ్మతో కలిసి పనిచేసే ఆ అమ్మాయికి, పరాయి దేశం వచ్చాక రాసిన మొదటి కథను అచ్చులో చూసుకోవాలని ఒకటే ఆశ. దిండు గలీబులో ఎవరిదో పళ్ళసెట్టు దొరికితే, పెద్దమ్మ దాన్ని పళ్ళెంలో పెట్టి "కరుస్తాయి, జాగ్రత్త" అంటూ సూపర్‌వైజరుకు అప్పగించిన వైనం, అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్విన వైనం రాసింది.

ఆ ఊళ్ళోనే వెలువడే తెలుగు పత్రిక సంపాదకుడు చదివి కాగితాలు పక్కన పెట్టాడు.

"బాగానే ఉందమ్మా. కానీ వలస వచ్చినవాళ్ళ కథ కదా, కన్నీళ్ళేవీ? చివర్లో మీ పెద్దమ్మను కాస్త ఏడిపించు, వచ్చే నెలే వేసేస్తా."

"ఆ రోజు ఎవరూ ఏడవలేదండీ."

"కథే కదమ్మా!"

"కథేనండీ. కానీ మీరు జాలిపడటం కోసం మా పెద్దమ్మ నవ్వు కొట్టేయలేను."

కాగితాలు తీసుకుని లేచింది. తిన్నగా పనికి బయలుదేరింది.

పనిలోకి వచ్చేసరికి పెద్దమ్మ దుప్పటి కొసలు పట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఏమేవ్, వేస్తాడటనా?"

"నువ్వు ఏడిస్తే వేస్తాడట."

"వాడి మొహం మండ! ఉల్లిపాయలు తరిగేటప్పుడు రమ్మను, కావలసినంత ఏడుస్తా."

అమ్మాయి పకపకా నవ్వి అవతలి కొసలు అందుకుంది. ఇద్దరూ దుప్పటిని బిగలాగి మడుస్తుంటే, ఈ ఉల్లిపాయల మాట కూడా కథలో చేర్చాలని, ఇంకో పత్రికకు పంపాలని, అక్కడా కాదంటే ఈ గోడకే అంటించాలని తీర్మానించుకుంది.